పద్నాలుగో కేంద్రానికి రాయని సున్నా

సాయంత్రం నాలుగు గంటల పదిహేడు నిమిషాలకు నేను ఒక ఫైలు సేవ్ చేశాను. రోజుకి పదిసార్లు చేసే పని అది. పక్క టేబుల్ దగ్గర ఎవరో టీ తాగుతున్నారు. ఫ్యాను తిరుగుతోంది. ఆ నిమిషం ఇప్పటికీ గుర్తుందంటే నాది గొప్ప జ్ఞాపకశక్తి అని కాదు. ఫైలు ఏ నిమిషంలో మారిందో కంప్యూటరు దాని పక్కనే రాసి పెట్టుకుంటుంది. ఆ అంకెను నేను తర్వాత చాలాసార్లు చూశాను. ఇంకెవరైనా చూస్తారేమోనన్న అనుమానంతో చూశాను.

తొమ్మిదేళ్ళ బరువు ఇది. మోశాను అని రాయబోయి ఆగిపోయాను. మోసేవాడి మీద జాలి పుట్టించే మాట అది. దాచాను అంటే సరిపోతుంది. తొమ్మిదేళ్ళు దాచాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానా? అయితే ఇదేం ధైర్యం? ఉన్నది రాస్తాను.

అప్పట్లో నేను విజయవాడలో ఒక పాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. కాలవల వెంట ఉన్న ఊళ్ళలో ఆ కంపెనీకి ఇరవై రెండు పాల కేంద్రాలుండేవి. పొద్దునా సాయంత్రం ఊరివాళ్ళు క్యాన్లలో పాలు తెచ్చి పోస్తారు. కేంద్రంలో ఒక టెస్టరు ఉంటాడు. ప్రతి ఇంటి పాలలోంచి కాస్త తీసి మిషన్ కింద పెడతాడు. వెన్న శాతం ఎంతో తెర మీద పడుతుంది. ఆ అంకెను బట్టే పాలకి విలువ. అందుకని ఊళ్ళో టెస్టరంటే ఎప్పుడూ ఒక కంట కనిపెట్టాల్సిన మనిషి. ఎంత మంచివాడైనా అంతే. పాలు పోసిన ప్రతి మనిషీ ఒకసారి తెరవైపు, ఒకసారి టెస్టరు చేతులవైపు చూస్తాడు.

పద్నాలుగో కేంద్రం టెస్టరు ఖాదర్ బాషా గారు. పేరు మార్చాను. పదకొండేళ్ళుగా ఆ పనిలో ఉన్నారు. ప్రతి శనివారం శాంపిల్ సీసాలు తీసుకుని ఆఫీసుకి వచ్చేవారు. సీసాలు ల్యాబులో ఇచ్చి, నా గది గుమ్మం దగ్గర నిలబడి, "అయిపోయిందండీ" అనేవారు. ఆ మాట పని గురించి కాదు, పుస్తకం గురించి. సంచీలోంచి పోయిన వారం నా దగ్గర తీసుకున్న నవల బయటికి తీసేవారు. నేను ఇంకోటి ఇచ్చేవాణ్ణి. ఆయన చదివింది పదో తరగతి దాకానే. కానీ రచయిత ఎక్కడ తప్పించుకున్నాడో వెంటనే పట్టేసేవారు. అలాంటి చోట మార్జిన్‌లో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవారు. పుస్తకం నాది కాబట్టి కనీకనిపించనంత చిన్న చుక్క. ఆ ఆఫీసులో నాకు స్నేహితుడు అనదగ్గ మనిషి ఆయన ఒక్కరే.

ఇప్పుడు నా పని గురించి చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి, ఇందులోనే అంతా ఉంది.

ఏ మిషనూ ఇంకో మిషన్‌లా చూపించదు. పాతబడ్డది కొంచెం ఎక్కువ చూపిస్తుంది, మరొకటి కొంచెం తక్కువ. ఆ తేడా సరిచేయడానికి కలిపే అంకెను కరెక్షన్ అంటారు. అన్ని కేంద్రాల కరెక్షన్లూ ఒకే కాన్ఫిగ్ ఫైలులో, అంటే సెట్టింగుల ఫైలులో, ఉండేవి. ఆ ఫైలు సెక్షన్లుగా ఉంటుంది. స్క్వేర్ బ్రాకెట్ల మధ్య కేంద్రం నంబరు. దాని కింద ఆ కేంద్రం వివరాలు, వరసకొకటి: మిషన్ రకం, కరెక్షన్, స్లిప్పు మీద పడాల్సిన ఊరి పేరు. మళ్ళీ బ్రాకెట్లు, తర్వాతి కేంద్రం. ఆ ఫైలు ఆఫీసు నుంచి అన్ని కేంద్రాలకూ వెళ్తుంది. ప్రతి కేంద్రంలో మిషన్ పక్కన ఒక చిన్న కంప్యూటరు పెట్టె ఉంటుంది. అందులో నేను రాసిన షెల్ స్క్రిప్టు, అంటే ఏం చేయాలో వరసగా చెప్పే చిన్న ప్రోగ్రాము, ఉంటుంది. అది ఫైలులో తన సెక్షన్ వెతుక్కుని, కరెక్షన్ చదివి, మిషన్ చెప్పిన అంకెకు కలిపి తెర మీద చూపిస్తుంది. టెస్టరుకి కనిపించేది ఆ చివరి అంకె ఒక్కటే. మిషన్ అసలు ఏం చెప్పిందో అతనికీ తెలియదు.

నా స్క్రిప్టు ముప్పై వరసలు కూడా ఉండదు. నీ కేంద్రం బ్రాకెట్లు దొరికేదాకా వెతుకు. దొరికాక, కరెక్షన్ అనే మాట కనిపించిన మొదటి వరస తీసుకో. ఇంతే చెప్పాను దానికి. ఎక్కడ ఆగాలో చెప్పలేదు. మళ్ళీ బ్రాకెట్లు కనిపిస్తే ఈ కేంద్రం అయిపోయినట్టు, ఇక ముందుకి వెళ్ళొద్దు అని చెప్పాలి. చెప్పలేదు. ప్రతి సెక్షన్‌లోనూ కరెక్షన్ ఉన్నంతకాలం ఈ లోపం బయటపడదు. మూడేళ్ళు బయటపడలేదు. నేను జాగ్రత్త మనిషినని ఆఫీసులో పేరు.

పద్నాలుగో కేంద్రానికి కొత్త మిషన్ వచ్చింది. ల్యాబువాళ్ళు సరిచూసి, దీనికి కరెక్షన్ అక్కర్లేదని కాగితం పంపారు. నేను ఆ సెక్షన్ తెరిచి కరెక్షన్ వరస తీసేశాను. సున్నా అని రాసి ఉంచొచ్చు. కానీ అనవసరమైనది ఉంచడం నాకు నచ్చదు, ఉత్తరంలోనైనా ఫైలులోనైనా. లేనిదానికి ఒక వరస ఎందుకు అనుకున్నాను. వరస లేకపోతే స్క్రిప్టు దాన్ని సున్నాగానే తీసుకుంటుందని అనుకున్నాను. అనుకున్నాను, అంతే. పరీక్షించి చూడలేదు. ఐదు నిమిషాల పని.

స్క్రిప్టు పద్నాలుగో కేంద్రం బ్రాకెట్ల దగ్గర మొదలైంది. కరెక్షన్ కనిపించలేదు. ముందుకి వెళ్ళింది. పదిహేనో కేంద్రం బ్రాకెట్లు దాటింది. అక్కడ కరెక్షన్ దొరికింది. అక్కడి మిషన్ ముసలిది, అర శాతం ఎక్కువ చూపించేది, కాబట్టి దాని కరెక్షన్ మైనస్ అర. ఆ మైనస్ అరని తెచ్చి, సరిగ్గా చూపిస్తున్న కొత్త మిషన్ అంకెకు కలిపింది. అడిగిన వస్తువు ఇంట్లో లేకపోతే చెప్పకుండా పక్కింట్లోకి పోయి తెచ్చినట్టు. ఈ పోలిక కూడా అక్కర్లేదేమో. నా స్క్రిప్టు వేరే కేంద్రం అంకె తెచ్చింది. ఏ తప్పూ జరిగినట్టు ఎక్కడా చెప్పలేదు.

ఆ పూట నుంచి ఆ ఊళ్ళో ప్రతి గేదె పాలలోనూ అర శాతం వెన్న తగ్గింది. ఏడుండే ఇంట్లో ఆరున్నర. ఆరున్నర ఉండే ఇంట్లో ఆరు.

మొదటి రెండు రోజులు వాళ్ళు గేదెల్ని అనుమానించారు. తర్వాత గడ్డిని, దాణాని. ఆ తర్వాత ఒకరినొకరు అడుగుతుంటే అందరికీ తగ్గిందని తెలిసింది. ఇంక అనుమానించడానికి ఒక మనిషే మిగిలాడు. గేదె మారలా, గడ్డి మారలా, మిషనే మారిందని వెంకాయమ్మ అనే ఆవిడ అందిట. ఆవిడకి నాలుగు గేదెలు. మిషన్‌లో సెట్టింగ్ చేయించాడని ఎవరో అన్నారు. ఆ మాట ఊరికి నచ్చింది. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోనివన్నీ అప్పుడు కనిపించడం మొదలైంది. ఖాదర్ గారింటికి ఆ ఏడే స్లాబు పడింది. పరీక్షకి తీసిన పాలు చివర్లో ఒక గిన్నెలో మిగులుతాయి, వాటిని టెస్టరు ఇంటికి తీసుకెళ్ళడం అన్ని కేంద్రాల్లోనూ ఉన్న ఆనవాయితీ. ఆ గిన్నె ఎంత పెద్దదో ఇప్పుడు చూడటం మొదలుపెట్టారు. ఆయన పాల మీంచి చెయ్యి తీసేటప్పుడు వేళ్ళు ఎలా ఉంటున్నాయో కూడా చూశారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు తెలియదు. ఆ మాట నా తరఫున చెప్పుకోగలిగింది, పందొమ్మిదో రోజు మధ్యాహ్నం వరకే.

ఆ మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. పొద్దున కేంద్రం దగ్గర గొడవ జరిగిందనీ, వెంకాయమ్మ అందరి ముందూ కేకలేసిందనీ చెప్పారు. గొంతులో కోపం లేదు. మూలన పడేసిన పాత గాజు గొట్టాలు తీసి, పాలలో యాసిడ్ పోసి, చేత్తో తిప్పే మిషన్‌లో తిప్పి, వెన్న ఎంత పైకి తేలిందో చూశారట. ఏడు ఇళ్ళ పాలు చేశారట. ఏడింటికీ తెర మీది అంకెతో కచ్చితంగా అర శాతమే తేడా అన్నారు. పాలలో తప్పుంటే ఇంటికో రకంగా ఉండాలి కదండీ, మీ వైపు ఒకసారి చూస్తారా అన్నారు. చూస్తానన్నాను.

చూడటానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అర అనే మాట వింటూనే నాకు పదిహేనో కేంద్రం గుర్తొచ్చింది. ఫైలు తెరిచి పద్నాలుగో కేంద్రం కింద ఒక వరస చేర్చాను. కరెక్షన్, సున్నా. సేవ్ చేశాను. నాలుగు గంటల పదిహేడు నిమిషాలు. అరగంటలో ఫైలు కేంద్రాలకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చేసిన పనిని తప్పు అనను, నేరమే అనాలి. ఆ ఫైలు పాత కాపీలు రోజుకొకటి చొప్పున సర్వరులో ఉండేవి. ఆ పందొమ్మిది రోజుల కాపీలు తుడిచేశాను. తుడిచి, వెళ్ళి టీ తెచ్చుకున్నాను. అది కూడా రాయాలి.

ఆయనకి ఫోన్ చేయలేదు. చేద్దామనుకున్నాను. రేపు పొద్దున చేద్దాం, మేనేజరుకి ఎలా చెప్పాలో ముందు ఆలోచించుకుందాం అనుకున్నాను. నా ఉద్యోగం కాంట్రాక్టు మీద, రెన్యువల్ దగ్గర్లో ఉంది. అందుకే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమేనా? ఉద్యోగ భయం అందరూ అర్థం చేసుకునే కారణం. అందుకే దాని మీద నాకు అనుమానం. అసలు కారణం ఇంకా చిన్నది. జాగ్రత్త మనిషి అన్న పేరు పోతుందని. సున్నా కూడా రాయడం రానివాడు అంటారని. ఆ రోజు ఇద్దరు మనుషుల పేర్లు నా చేతిలో ఉన్నాయి. నాది ఉంచుకున్నాను.

కానీ ఒక్క విషయం నేను ఊహించలేదు. సరిచేస్తే అంతటితో అయిపోతుందనుకున్నాను. వెన్న మళ్ళీ ఏడుకి వస్తుంది, ఊరు సర్దుకుంటుంది అనుకున్నాను. ఆ ఊరు ఎలా చూస్తుందో ఆలోచించలేదు. పొద్దున అందరి ముందూ టెస్టరుని నిలదీశారు. సాయంత్రానికి వెన్న తిరిగొచ్చింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి వాళ్ళకి? నేను నోరు మూసుకుని చేసిన సవరణే ఆయన్ని దొంగని చేసింది. చెప్పి చేసి ఉంటే కాపాడేది. అదే సున్నా.

రెండు రోజుల తర్వాత పాల సేకరణ మేనేజరు నన్ను జీపులో ఎక్కించుకుని ఆ ఊరు తీసుకెళ్ళాడు. మిషన్‌ని ఊరివాళ్ళ ఎదురుగా పరీక్షిస్తామన్నాడు. పొద్దున పాలు పోసే వేళ. యాభై అరవై మంది ఉన్నారు. ల్యాబు నుంచి తెచ్చిన శాంపిల్ పెట్టాం. ఎంత రావాలో అంతే వచ్చింది.

వెంకాయమ్మ ఖాళీ క్యాను నడుముకి ఆనించుకుని ముందు నిలబడింది.

"ఏం బాషా, పొద్దున నేను అరిస్తే సాయంత్రానికి నా గేదెకి వెన్న పుట్టింది. నా నోటికంత మహిమ ఉందని నాకే తెలీదు. తెలిస్తే పది రోజులు ముందే అరిచేదాన్ని."

అందరూ నవ్వారు. ఖాదర్ గారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు.

"పదకొండేళ్ళు నా దగ్గర పోశావు పిన్నీ. ఎప్పుడన్నా తేడా వచ్చిందా?"

"నేననేదీ అదే. పదకొండేళ్ళలో పడని స్లాబు ఇప్పుడెట్టా పడిందయ్యా?"

"మా బావమరిది వేయించాడు. నీకు తెలీదా? సిమెంటు బస్తాలు దించింది మీవాళ్ళే గదా."

శివయ్య అనే ఆయన తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. "ఆ సంగతి అట్టా ఉంచు. యాసిడ్ టెస్టు చేశానంటన్నావు. ఎవురు చూశారు? పరీక్ష నువ్వే రాస్తివి, మార్కులూ నువ్వే వేసుకుంటివి."

మళ్ళీ నవ్వులు. మేనేజరు చెయ్యెత్తి ఆపాడు.

"మిషన్ మీ అందరి ముందే చూశాం. బంగారంలా ఉంది. మిషన్‌లో తప్పు లేదు. మరి మిగిలింది ఎవరు బాషా?"

ఖాదర్ గారు చేతులు గుడ్డతో తుడుచుకుని నావైపు తిరిగారు.

"సార్, మీరు చెప్పండి. మొన్న నేను ఫోన్ చేశాను కదా. తర్వాత మీ వైపు ఏమన్నా మార్చారా?"

"లేదండీ," అన్నాను. "మా వైపు ఏమీ మారలేదు."

"ఒక్కసారి గుర్తు చేసుకోండి సార్."

"చూశానండీ. అంతా మామూలుగానే ఉంది."

ఆయన నన్ను చూశారు. ఎంతసేపో చెప్పలేను, ఎక్కువసేపు కాదు.

"సరేనండీ," అన్నారు.

"ఇన్నారుగా," అన్నాడు శివయ్య. "కంప్యూటరాయనే చెప్తన్నాడు."

ఖాదర్ గారు మేకుకి తగిలించిన తాళాల గుత్తి తీసి మేనేజరు ముందు బల్ల మీద పెట్టారు. మిగిలిన పాల గిన్నె వెంకాయమ్మ ముందుకి జరిపారు. ఆవిడ ముట్టుకోలేదు. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. నేను తిరిగి జీపెక్కాను. దారిలో మేనేజరు టెస్టర్ల గురించి చాలా చెప్పాడు. నేను ఊఁ కొట్టాను.

ఆ "సరేనండీ" గురించి తొమ్మిదేళ్ళు ఆలోచించాను. నమ్మి అన్నారా? నమ్మక అన్నారా? ఏడు ఇళ్ళకీ ఒకే తేడా అని కనిపెట్టిన మనిషికి, తను ఫోన్ చేసిన సాయంత్రమే తేడా ఎందుకు పోయిందో తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉండాలి. తెలిస్తే మరి ఎందుకు ఊరుకున్నారు?

నాలుగు నెలల తర్వాత స్క్రిప్టు తిరిగి రాశాను. ఇప్పుడది తర్వాతి బ్రాకెట్ల దగ్గర ఆగుతుంది. కావలసిన వరస లేకపోతే ఏదో ఒకటి అనుకోదు, తెర మీద తప్పు అని చూపించి ఆగిపోతుంది. మార్పుల పుస్తకంలో "చిన్న సవరణ" అని రాశాను. మేనేజరు మెచ్చుకున్నాడు.

ఆ ఊళ్ళో ఆయన ఇంక ఉండలేకపోయారు. పాలు పోయడానికి వెళ్తే ఆయన భార్యని వెటకారం చేశారని విన్నాను. కుటుంబంతో విజయవాడ వచ్చేశారు. వన్‌టౌన్‌లో పుస్తకాలు బైండింగు చేసే షాపులో ఆయన్ని చేర్పించింది నేనే. ఆయన అడగలేదు. నేనే వెతికి చేర్పించాను. సాయం చేశానని అప్పుడనుకున్నాను. కళ్ళ ముందు ఉంచుకోవాలనుకున్నానేమో. ఆయన ఎవరితో ఏం మాట్లాడుతున్నారో తెలుస్తూ ఉండాలనుకున్నానేమో. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ రెంటినీ విడదీయలేకపోతున్నాను.

శనివారాలు ఆయన భవానీపురంలో మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. పుస్తకం తెచ్చేవారు, తీసుకెళ్ళేవారు. పాల మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. మాట ఎత్తకపోవడాన్ని నేను అనుమానించాను. టీ తాగి "వస్తానండీ" అని లేచినప్పుడు, ఇవాళ అడుగుతారని ఎదురుచూసేవాణ్ణి. అడగకుండా చెప్పులేసుకుంటుంటే, నన్ను పరీక్షిస్తున్నారని కోపం వచ్చేది. అవును, ఆయన మీద కోపం. ఆయన వెళ్ళాక పుస్తకం తెరిచి చుక్కలు వెతికేవాణ్ణి. అబద్ధమాడే పాత్ర దగ్గర చుక్క పెట్టారా? నోరు మెదపని సాక్షి ఉన్న పేజీలో పెట్టారా? ఒకసారి ఒక చుక్క కోసం దీపం దగ్గర పెట్టుకుని పుస్తకమంతా రెండుసార్లు చూశాను. పెన్సిలు చుక్క కాదు, కాగితంలోనే ఉన్న మచ్చ.

ఒక స్నేహితుడు తిరిగి ఇచ్చిన పుస్తకాన్ని పోలీసువాడిలా చదవడం ఎలా ఉంటుందో మీకు తెలియకూడదని కోరుకుంటాను.

పోయిన వానాకాలం ఆయన చనిపోయారు. కిడ్నీల జబ్బు. ఆసుపత్రిలో మూడుసార్లు చూశాను. మూడోసారి మనుషులెవరూ లేరు, మేమిద్దరమే. చెప్పొచ్చు. దిండు సరిచేసి, మంచినీళ్ళు పట్టి, వచ్చేశాను. ఆరోగ్యం బాగా లేనప్పుడు ఎందుకని ఆగానని రాయొచ్చు. అది నిజం కాదు. ఆయన పోతే ఈ సంగతి తెలిసిన మనిషి ఉండడని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణాన్ని తీసేసి ఈ కాగితం రాయడం కుదరదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆయన కూతురు షకీలా నాకు టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. మంగళగిరిలో చీరల షాపులో పనిచేస్తుంది. ఊళ్ళో ఆ గొడవ జరిగినప్పుడు తనకి పదహారేళ్ళు. మా నాన్నకి చివరిదాకా తోడున్నది మీరే సార్ అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ పాల దగ్గర ఒక్కసారే కక్కుర్తి పడ్డారు సార్ మా నాన్న. ఒకసారి చేయలేదన్నారు, మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. మేమూ అడగలేదు. ఏం చేసినా మా కోసమే కదా అనుకున్నాం."

టీ గ్లాసు చేతిలో ఉంది. ఏమన్నానో తెలుసా? తల ఊపాను.

ఊరు అనుమానించిందని తెలుసు. ఆ ఇల్లు కూడా అనుమానించిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన ప్రతి రాత్రీ తనని క్షమించేసిన మనుషుల మధ్య కూర్చుని అన్నం తిన్నారు. చేయని పనికి వాళ్ళు క్షమించారు. నన్ను అడగని మనిషి, ఇంట్లో ఒక్కసారి చెప్పి ఊరుకున్న మనిషి. అప్పుడు నాకు ఒకటి తట్టింది. ఆయన ఊరుకున్నది తెలియక కాదేమో, నా పేరు చెప్పినా ఎవరూ నమ్మరని తెలిసేమో. పరీక్ష నువ్వే రాస్తివి, మార్కులూ నువ్వే వేసుకుంటివి అని మళ్ళీ అంటారని.

మూడు వారాల తర్వాత మంగళగిరి బస్సెక్కాను. మధ్యాహ్నం షాపులో బేరాలు తక్కువ. షకీలా విప్పిన చీరలు మడత పెడుతోంది. నిలబడే చెప్పాను. బ్రాకెట్లు, సెక్షన్లు, పదిహేనో కేంద్రం, అన్నీ చెప్పాను. తనకి కొంత అర్థమైంది, కొంత కాలేదు. తుడిచేసిన కాపీల గురించి చెప్పాను. ఊళ్ళో అందరి ముందూ నేనన్న మాట చెప్పాను. ఆసుపత్రి గురించి కూడా చెప్పాను.

చీర మడత సగంలో ఆగిపోయింది.

"మీరు రాయనిది ఎన్ని లైన్లు సార్?"

"ఒకటి."

తర్వాత అడిగింది.

"మా నాన్నకి పుస్తకాలిచ్చింది ఇందుకేనా?"

"కాదమ్మా. ముందు నుంచీ ఇచ్చేవాణ్ణి."

"తర్వాత ఇచ్చినవి?"

తెలియదన్నాను. అది నిజం. తను నావైపు చూడటం మానేసి చీర మడత పూర్తి చేసింది. బీరువాలో పెట్టింది. "నాకు చెప్తే ఏమొస్తది? నాకు చెప్పారు, రేపు మా అమ్మకి నేను చెప్తాను. మా నాన్నని దొంగ అన్నది ఆ ఊళ్ళో. అక్కడ చెప్పండి," అంది. అది అనేటప్పుడు సార్ అనలేదు.

మర్నాడే వెళ్ళాను. పాలు పోసే వేళకి చేరేట్టు మొదటి బస్సుకి వెళ్ళాను. కేంద్రం గది తలుపుకి తాళం ఉంది. మూసేసి నాలుగేళ్ళయిందట. ఇప్పుడు ఇంకో కంపెనీ వ్యాను రోడ్డు మీదికి వస్తుంది. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వచ్చి క్యాను ఇచ్చి పోతారు. వెంకాయమ్మ పోయింది. గేదెలున్న ఇళ్ళు సగానికి సగం తగ్గాయి. శివయ్య దొరికాడు. ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెప్పాను. అంతా విన్నాడు.

"నువ్వు ఆ కంప్యూటరాయనవి గదా," అన్నాడు. "ఇప్పుడొచ్చి ఎందుకు చెప్తన్నావు? నీకేం కావాలి?"

ఏమీ వద్దన్నాను. నమ్మలేదు. స్థలం గొడవేదన్నా ఉందా, బాషా కూతురు కేసు వేస్తదా అని అడిగాడు. లేదన్నాను. అయినా నమ్మలేదు. నేను లేచాక ఒక్కమాట అన్నాడు, పాపం అంతలా అనకుండా ఉండాల్సింది అని. ఎవరు ఎవరిని అనకుండా ఉండాల్సిందో చెప్పలేదు. నలుగురికి చెప్పమని అడిగాను. చూస్తాలే అన్నాడు.

వ్యాను దగ్గర ఒకావిడ, ఒక ముసలాయన ఉన్నారు. వాళ్ళకి ఖాదర్ గారు గుర్తు లేరు. అయినా చెప్పాను. ఆవిడ మధ్యలో క్యాను తీసుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా రాయడానికి కారణం అదే. ఆ మాట యాభై అరవై మంది ముందు అన్నాను. వెనక్కి తీసుకోవడానికి వాళ్ళు ఒకచోట దొరకలేదు. మీరు వాళ్ళలో ఒకరు కాకపోవచ్చు. అయినా మీకు చెప్తున్నాను. ఖాదర్ గారు పాలలో చెయ్యి పెట్టలేదు. ఆయన మిషన్ సెట్టింగు ముట్టుకోలేదు. అర శాతం తీసింది నా స్క్రిప్టు. దాన్ని దాచింది నేను. ఆయన అడిగితే లేదన్నది నేను.

షకీలా నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు. ఈ ఒప్పుకోలు కూడా నా మంచి పేరు కోసమేనా అని అనుమానం వస్తూనే ఉంది, పేరు రాయకపోయినా. ఆ అనుమానం పోయేది కాదు. కానీ ఆ ఐదు వాక్యాలు రాశాక కాసేపు పెన్ను పక్కన పెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత నాకు అనుమానం లేని వాక్యాలు అవి. అంతవరకే తేలిక.

ఆ ఊళ్ళో ఇప్పుడు పాలు పోయడానికి ఎవరూ ఒకచోట చేరరు.